పెద్ద సిస్టర్ గొంతు తగ్గించినప్పుడు

పొద్దున డ్యూటీకి తయారవుతూ ఫోను చూస్తే, మా పాత దవాఖాన గ్రూపులో పెద్ద సిస్టర్ ఫొటో ఉంది. కింద దండం గుర్తులు, ఒక పువ్వు బొమ్మ. ఆమె ఒక్కతే దిగిన ఫొటో ఎవరి దగ్గరా లేనట్టుంది. ఎప్పుడో అందరం కలిసి దిగిన దాంట్లోంచి ఆమెను కత్తిరించి పెట్టారు. పక్కన ఎవరిదో నీలం రంగు భుజం సగం మిగిలిపోయింది. ఆ భుజం నాదే.

దాని కింద ఒక్కొక్కరూ రాయడం మొదలుపెట్టారు. మంచి మనిషి అని, శాంత స్వభావురాలని, ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదని. అలా రాసినవాళ్ళలో కొందరు, ఒకప్పుడు ఆమె వార్డు దాటి వెళ్ళగానే "ఈమెకు నోరెక్కువ" అని మూతి తిప్పినవాళ్ళే. పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం తప్పు కాదు. కానీ 'శాంత స్వభావురాలు' అన్న మాట దగ్గర నా మనసు ఒప్పలేదు. బతికినన్నాళ్ళూ ఆమె ఏం చేసిందో అదంతా తుడిచేసి సాగనంపుతున్నట్టు అనిపించింది. నేను అక్కడ ఏమీ రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను.

నర్సింగు కోర్సు పూర్తి చేశాక సిద్దిపేటలో నేను మొదట చేరిన దవాఖాన అది. కింద మందుల దుకాణం, పైన వార్డులు. యజమాని సర్జన్, ఆయనను అందరం సార్ అనేవాళ్ళం. ఆయన బావమరిది మేనేజరు. పెద్ద సిస్టర్ అన్నది ఆమెకు ఎవరూ ఇచ్చిన హోదా కాదు. మా అందరికంటే ముందు చేరింది, వయసులో పెద్దది, అందుకని ఆ పేరు. కాగితం మీద ఆమె కూడా మాలాంటి స్టాఫ్ నర్సే.

సన్నటి మనిషి. నిటారుగా, గబగబా నడిచేది. కోటు అంచుకు ప్లాస్టరు ముక్కలు వరసగా అంటించుకుని తిరిగేది, అవసరమైనప్పుడు ఒకటి పీకి వేయడానికి. మంచం మీది ముసలివాళ్ళను అవ్వా, తాతా అని పిలుస్తూ, మీ దిక్కు వానలు పడ్డాయా, నాట్లు అయ్యాయా అని అడిగేది. వాళ్ళు జవాబు వెతుక్కునేలోపు సూది వేయడం అయిపోయేది. మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బా తెరిచిందంటే, జొన్నరొట్టె, పండుమిరపకాయల తొక్కు పూర్తిగా అయ్యేదాకా లేచేది కాదు. ప్రాణం మీదికి వస్తే వేరే సంగతి. ఊరికే ఫైలు అందించమని సార్ పిలిచినా, "తింటున్న సార్, తినంగనే వస్త" అని కూర్చున్న చోటి నుంచే చెప్పేది. మేమంతా అన్నం మధ్యలో చెయ్యి కడుక్కుని పరుగెత్తేవాళ్ళం. ఆమెను చూసి నవ్వుకునేవాళ్ళం కూడా. కొన్నాళ్ళకు నవ్వు ఆగిపోయి, మేమూ తినేదాకా కూర్చోవడం నేర్చుకున్నాం.

మామూలుగా ఆమె గొంతు పెద్దది. వార్డు ఈ కొసన మాట్లాడితే ఆ కొసకు వినిపించేది. కోపం వస్తే మాత్రం తగ్గిపోయేది. ఎంత కోపమైతే అంత మెల్లగా మాట్లాడేది. ఎదుటి మనిషి ఆ మాట వినాలంటే కొంచెం ముందుకు వంగాలి.

అది నేను మొదట చూసింది చేరిన కొత్తలోనే. మేనేజరుకు ఒక అలవాటుండేది. నర్సును పిలవాలంటే కౌంటరు అద్దం మీద పెన్నుతో టకటకా కొట్టేవాడు. ఎవరు దగ్గర్లో ఉంటే వాళ్ళు వెళ్ళాలి. ఆరోజు ఆయన కొడుతున్నాడు. పెద్ద సిస్టర్ ఒక పేషెంటుకు కట్టు కడుతోంది. నేను కదలబోతే కళ్ళతోనే ఆపింది. ఆయన మళ్ళీ కొట్టాడు. ఆమె కట్టు పూర్తి చేసి, చేతులు కడుక్కుని, కౌంటరు దగ్గరికి వెళ్ళింది. ఆయన వంగి విన్నాడు.

"సారూ, చప్పుడు చేస్తే మేకలొస్తయి. మాకు పేర్లున్నయి."

ఆ తర్వాత ఆయన పెన్ను చప్పుడు మానేశాడు. సిస్టర్ అని పిలిచేవాడు, పళ్ళు నూరుతున్నట్టు.

మేము బట్టలు మార్చుకోవడానికి ఒక గది అంటూ లేదు. మందుల పెట్టెలు పెట్టే స్టోరు రూములో మార్చుకునేవాళ్ళం. దాని తలుపుకు గడియ లేదు. ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట కాపలా నిలబడాలి. అయినా తలుపు తోసుకుని వచ్చినవాళ్ళున్నారు. గడియ పెట్టించమని ఆమె ఎన్నిసార్లు అడిగినా మేనేజరు చూద్దాం అనేవాడు. ఒకరోజు ఆమె ఇంటి నుంచి కట్టుకొచ్చిన చీరతోనే డ్యూటీ మొదలుపెట్టింది. మరునాడూ చీరే. రౌండ్స్‌కు వచ్చిన సార్ ఇదేమిటని గదమాయించాడు. "స్టోరు రూముకు గడియ పెట్టిస్తే యూనిఫారం ఏసుకుంట సార్" అంది, పేషెంట్లు, వాళ్ళ చుట్టాలు అందరూ వింటుండగా. మధ్యాహ్నానికి వడ్రంగి వచ్చాడు.

గడియ అందరికీ పనికొచ్చింది. ఆ కక్ష మాత్రం ఆమె ఒక్కదాని మీదే తీర్చుకున్నారు. సద్దుల బతుకమ్మ రోజు డ్యూటీ ఆమెకే పడేది, దసరా రోజూ ఆమెకే. ఒక బతుకమ్మకు ఆమె, కిటికీలోంచి కింద వీధిలో బతుకమ్మలెత్తుకుని పోతున్న ఆడవాళ్ళను చూస్తూ నిలబడి ఉంటే, సెలవు అడగొచ్చు కదా అక్కా అన్నాను. "అడుగుడు తప్పు కాదు బిడ్డా. అడుక్కునుడు తప్పు. గీళ్ళు నాతోని అడుక్కునేటట్టు చేద్దామని చూస్తున్నరు" అని మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

ఇక నా సంగతికి వస్తాను. వానాకాలం, జ్వరాల రోజులు. మంచాలు చాలక వరండాలో కూడా పరుపులు వేశాం. మద్దూరు దిక్కు నుంచి ఒక ముసలమ్మను తెచ్చారు. కొడుకు రోడ్ల కాంట్రాక్టరు, వెంట మనుషులున్నారు. ముసలమ్మకు సెలైన్ పెట్టాలి. నీరసానికి నరాలు లోపలికి పోయాయి. ఒకసారి గుచ్చాను, అందలేదు. ఇంకోచోట గుచ్చాను. ఆమె అమ్మా అని మూలిగింది. ఆ తర్వాత ఏం జరిగిందో నా చెంప మండిన తర్వాత గానీ నాకు తెలియలేదు. చేతిలోని ట్రే కింద పడింది. చెవి కమ్మ మెడలో గుచ్చుకుంది.  ముందు మాట్లాడింది మంచం మీది ముసలమ్మే. "పిల్లను ఎందుకు కొట్టినవురా" అని కొడుకును అడిగింది. అతను వినిపించుకోలేదు.

పెద్ద సిస్టర్ వచ్చింది. ముందు నా వైపు చూడలేదు, అతని వైపూ చూడలేదు. ముసలమ్మ పక్కన కూర్చుని, మోచేతి దగ్గర నరం వెతికి, సెలైన్ ఎక్కించి, ప్లాస్టరు వేసింది. అప్పుడు లేచి అతనికి ఎదురుగా నిలబడింది. గొంతు ఎంత తగ్గిందంటే, పక్కనే ఉన్న నాకు కూడా కష్టమ్మీద వినిపించింది.

"పిల్లకు తప్పయిందని చెప్పుండ్రి."

"నేనెవలో ఎరుకేనా నీకు?" అన్నాడతను.

"ఎరుక లేదు. ఎరుకున్నా గిదే చెప్తుంటి."

అతను నవ్వి బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి సార్ గదిలో అతనికి చాయ్ ఇచ్చారని తెలిసింది. సార్ పెద్ద సిస్టర్‌ను పిలిపించి, ఆయన తల్లి బాధ చూడలేక అలా చేశాడు, పోనీ వదిలేయ్ అన్నాడట. కొట్టిన చోటే తప్పు ఒప్పుకోవాలని, అప్పటిదాకా వార్డులో ఉన్న పేషెంట్లను చూసుకుంటాం గానీ కొత్తవాళ్ళను చేర్చుకునేది లేదని ఆమె చెప్పి వచ్చింది. ఒక్కొక్క నర్సునూ పలకరించింది. కొందరు తలలు దించుకున్నారు. ఎక్కువమంది వచ్చారు. వంతులవారీగా వార్డు చూసుకుంటూ, వచ్చినవాళ్ళంతా కింద రిసెప్షన్ కుర్చీల్లో కూర్చున్నారు.

నేను ఆమెను మెట్ల దగ్గర పట్టుకున్నాను. "అక్కా, వద్దు. బాపుకు తెలుస్తే నన్ను పని మాన్పిస్తడు. ఊకుందాం" అన్నాను.

"నువ్వు భయపడకు. నేనున్న గదా" అని నా చెయ్యి విడిపించుకుని దిగిపోయింది.

రిసెప్షన్‌లో జనం మూగారు. వీడియోలు తీయడానికి ఫోన్లు లేచాయి. దవాఖాన పేరు పోతుందని సార్ కంగారు పడ్డాడు. సాయంత్రానికి ఆ కాంట్రాక్టరును ఎవరు ఎలా ఒప్పించారో, వార్డుకు వచ్చాడు. గోడకున్న క్యాలెండరు చూస్తూ తప్పయింది అన్నాడు.

"గోడకు కాదు, పిల్లకు చెప్పుండ్రి" అంది ఆమె.

అతను నా వైపు తిరిగి మళ్ళీ చెప్పాడు. నేను తల ఎత్తలేదు. నా చెంప చుట్టూ ఎన్ని ఫోన్లు ఉన్నాయో మాత్రం తెలుస్తూనే ఉంది. అతను వెళ్ళాక ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, అయిపోయింది పో అంది. నాకు అసలు సంగతి అప్పుడే మొదలైంది.

నేను బస్సెక్కి కొండపాక చేరేలోపు ఆ వీడియో మా ఊరు చేరింది. మా బాపు కోపిష్టి కాదు. పక్కింటివాళ్ళ ఫోనులో కూతురి చెంప మీద వేళ్ళ అచ్చులు చూసి, ఇంట్లోకి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళేసరికి అలాగే ఉన్నాడు. "రేపటి నుంచి పోకు బిడ్డా" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయాను. ఊళ్ళో పలకరించిన ప్రతివాళ్ళూ ముందు నా చెంప చూసేవాళ్ళు. కొట్టినవాడి మీద నాకు కోపం లేకపోలేదు. కానీ ఇంట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ నేను రోజూ తిట్టుకున్నది పెద్ద సిస్టర్‌ను. చెప్పాను కదా, వద్దన్నాను కదా అని.

ఆమె ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది. అది ఆమెకు సెలవు రోజు. మా ఇంట్లో అమ్మను అవ్వ అంటాం; అవ్వ మంచినీళ్ళిచ్చింది. ఆమె అరుగు మీద కూర్చుని బాపుతో మాట్లాడింది. కొట్టినవాడు తలెత్తుకుని తిరుగుతుంటే దెబ్బ తిన్న పిల్ల ఇంట్లో కూర్చోవడం ఏం న్యాయమని అడిగింది. బాపు నేల చూస్తూ అన్నాడు.

"నీ బిడ్డయితే ఊరందరికి చూపిస్తుంటివా అమ్మా?"

  ఆమె నీళ్ళ గ్లాసు కింద పెట్టి, "వస్త అన్నా" అని లేచింది.

అవ్వ చెప్పడంతో నేను రోడ్డు దాకా తోడు వెళ్ళాను.  బస్సు కోసం నిలబడ్డాక నాలో ఉన్నదంతా బయటికి వచ్చింది. "నేను వద్దన్న అక్కా. నువ్వు ఇనలే. దెబ్బ నాకు పడ్డది గని నన్నెవలు అడగలే, నువ్వు గూడ" అన్నాను. బస్సు వచ్చింది. ఆమె ఎక్కలేదు. బస్సు వెళ్ళిపోయిన తర్వాత అంది:

"ఇనబడ్డది బిడ్డా. ఇననట్టు చేసిన. నీ దెబ్బ కన్న నా కోపమే పెద్దగయింది."

ఇంకేదో చెబుతుందని చూశాను. ఎప్పటెప్పటి సంగతులో చెప్పి సమర్థించుకుంటుందని అనుకున్నాను. అదేమీ చెప్పలేదు. "నిన్ను అడిగి పోవాల్సి ఉండె" అని, తర్వాతి బస్సు వచ్చేదాకా చెమట తుడుచుకుంటూ నిలబడింది. ఆ రోజు ఆమె మీద నాకు కోపం పోలేదు. కానీ అలా చెప్పగలిగిన పెద్దవాళ్ళను నేను అంతవరకు చూడలేదు. తర్వాత కూడా ఎక్కువమందిని చూడలేదు.

దవాఖాన వాళ్ళు ఆమెను వెంటనే తీసేయలేదు. తీసేస్తే మళ్ళీ ఫోన్లు లేస్తాయని. ముందు వార్డు నుంచి మార్చి, తలుపు దగ్గర టోకెన్లు ఇచ్చే పనికి పెట్టారు. సెలైన్ బాటిల్ ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత ఆ పనికి ఇంకో అమ్మాయిని తెచ్చి, నీకిక్కడ పని లేదన్నారు. సిద్దిపేటలో మిగతా దవాఖానలకు వెళితే, పేరు వినగానే ఖాళీలు లేవన్నారట. చివరికి బెజ్జంకిలో ఒక చిన్న క్లినిక్‌లో కుదిరింది. రోజూ బస్సులో వెళ్ళి రావడమే. రిసెప్షన్‌లో ఆమె పక్కన కూర్చున్నవాళ్ళలో ఎవరినీ సార్ ఏమీ అనలేదు. ఆమె ఒక్కతే లెక్కలోకి వచ్చింది.

నన్ను మళ్ళీ పనికి పంపింది మా అవ్వ. వరికోతలు అయిపోయాక ఒకరోజు బాపుతో, పిల్ల చదువుకున్నది బియ్యం ఏరడానికి కాదని తేల్చి చెప్పింది. సిద్దిపేటలోనే ఒక డయాలిసిస్ సెంటర్‌లో చేరాను. ఏళ్ళు గడిచి, అక్కడ నేనే అక్కనయ్యాను.

పోయిన ఏడాది ఒక కొత్త పిల్ల నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. మిషన్ల టెక్నీషియన్ ఒకడు పక్కగా పోయినప్పుడల్లా ఒళ్ళు తగిలిస్తున్నాడట. ఎవరికీ చెప్పొద్దని నా చేతిలో చెయ్యి వేయించుకుంది. నేను మాటిచ్చాను. నా సంగతి నాకు గుర్తుంది కాబట్టి, ఆ పిల్ల వద్దన్న పని చేయకూడదనుకున్నాను. ఆ పిల్ల డ్యూటీ టైము మార్పించి ఊరుకున్నాను. అతను మాత్రం ఈల వేసుకుంటూ తిరుగుతూనే ఉన్నాడు. నాకు అన్నం సయించేది కాదు.

ఆ రోజుల్లోనే బస్టాండులో పెద్ద సిస్టర్ కనిపించింది. జుట్టు మొత్తం తెల్లబడింది. బెజ్జంకి బస్సు కోసం కూర్చుని ఉంది. పక్కన కూర్చుని సంగతంతా చెప్పాను. నువ్వు నన్ను అడగకుండా పోయావు, నేను అడిగి ఆగిపోయాను, ఏది సరైందక్కా అన్నాను. వెంటనే ఏదో ఒకటి చెప్పేస్తుందనుకున్నాను. చేతిసంచి పట్టీ తిప్పుకుంటూ కూర్చుంది.

"నాకు తెల్వది బిడ్డా" అంది. బస్సు వచ్చాక లేస్తూ అంది: "ఒక్కసారి అడిగితే మనిషిలున్న భయమే జవాబిస్తది. ఇంకోసారి అడుగు."

అడిగాను. ఆ పిల్ల మళ్ళీ వద్దంది. కొన్నాళ్ళాగి మళ్ళీ అడిగాను. అప్పుడు, "నేనే చెప్త అక్కా, నువ్వు పక్కన నిలబడు" అంది. మేనేజ్‌మెంట్ ముందు తానే చెప్పింది. నేను పక్కన నిలబడ్డాను. అతన్ని తీసేయలేదు, వేరే బ్రాంచికి పంపారు. ఆ పిల్లకు నోరెక్కువ అని ఇప్పుడు మా దగ్గర పేరు పడింది. అయినా డ్యూటీకి వస్తోంది. ఈ సంగతి పెద్ద సిస్టర్‌కు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పాలనుకున్నాను. ఇంతలో గుండెనొప్పి వచ్చిందట.

ఆమె కిరాయి ఇంటికి నేను వెళ్ళేసరికి దినాలు అయిపోయాయి. భర్త బయట కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళకు తల ఊపుతున్నాడు. లోపల కూతురు ఉంది. జాకెట్ల మీద మగ్గం పని చేస్తుందట. ఆ చట్రం గుడ్డ కప్పి గోడకు ఆనించి ఉంది. నేను ఫలానా అని చెప్పగానే గుర్తుపట్టింది. వీడియోలో ఉన్న అక్క అంది. వాళ్ళమ్మ గురించి నాకు తెలిసినవి చెప్పాను. ఆమె వింటూ వింటూ మధ్యలో ఆపింది.

"అమ్మ నన్ను నర్సింగు చదవనియ్యలే అక్కా. సీటొచ్చింది. 'నీకు నా నోరే వచ్చింది, నువ్వు ఏడ చేసినా బతకనియ్యరు' అన్నది. నేను నోరు మూసుకొని ఉంటనన్న. 'నువ్వు గట్లుంటే నేను బతుకలేను' అన్నది. మరి నేనేం చెయ్యాలె?"

ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. వాళ్ళమ్మ ఉన్నప్పుడు అడగవలసిన ప్రశ్న నన్ను అడుగుతోంది. అందరి కోసం సార్ ముందు నిలబడ్డ మనిషి, కూతురిని దవాఖాన తలుపు దగ్గరికే పోనివ్వలేదు. దానికి నేను ఏం సర్దిచెప్పినా అబద్ధమే అవుతుంది. నాకు తోచింది చెప్పాను.

"భయపడి ఉంటది బిడ్డా."

ఆ పిల్ల తల ఎత్తి నన్ను చూసింది.

"మా అమ్మనా?" అంది.